పోలీసు కెమెరా ముందు పద్మం ముగ్గు

ఆ రోజుల్లో అమెరికాలో ప్లేనో అనే ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లకి కారు నడపడం రాకపోతే గుమ్మం దాటగానే పార్కింగ్ లాట్, అది దాటితే టెక్సాస్ ఎండ, అంతటితో ప్రపంచం సరి. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పోనీ కూరగాయలకైనా నడిచి వెళ్దామంటే ఫుట్‌పాత్ ఉన్నట్టుండి మాయమైపోయేది. మావారు ఆఫీసుకి వెళ్ళాక నాకు మిగిలే తోడు టీవీ. అందులో మధ్యాహ్నమూ సాయంత్రమూ పోలీసుల ప్రోగ్రాం ఒకటి వచ్చేది. కెమెరా వాళ్ళు పోలీసు కారెక్కి, వాళ్ళు ఎక్కడికెళ్తే అక్కడికెళ్ళి, ఎవరిని ఆపితే వాళ్ళని మనకు చూపిస్తారు. నటులు లేరు, పాటల్లేవు, అంతా నిజం. (మా ఊళ్ళో ఎస్సైగారి జీపులో ఇలా కెమెరా పెట్టి ఉంటే సగం ఎపిసోడ్లు టీకొట్టు దగ్గరే అయిపోయేవి.)

నేను అమెరికా ఇంగ్లీషు నేర్చుకున్నది ఆ ప్రోగ్రాం పుణ్యమాని. అందుకే కిరాణా షాపులో బిల్లు కొట్టే అమ్మాయి నా చేతిలోని పుచ్చకాయని చూసి నవ్వుతూ పలకరిస్తే, కంగారులో "ఐ డిడ్ నథింగ్, మ్యామ్" అనేసిన ఘనత నాది. పోలీసు ఆపితే కారు దిగిపోకూడదనీ, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టాలనీ అక్కడే తెలిసింది. ఇంకో సంగతి కూడా బాగా ఒంటబట్టింది. ఆ ప్రోగ్రాంలో పట్టుబడ్డ ప్రతివాడూ సీటు మీది మత్తుమందు పొట్లం చూసి ఒకటే మాట అంటాడు, ఇది నాది కాదు, ఫ్రెండు ఇచ్చాడు అని. ఆ మాట అన్నవాడికి బేడీలు పడని ఎపిసోడ్ నేను చూడలేదు. "నీది కాదట! మీ తాతది కాబోలు!" అని సోఫాలోంచి నేనే తిట్టిపోసేదాన్ని.

మావారు ఓపిగ్గా డ్రైవింగ్ నేర్పించారు. లైసెన్స్ వచ్చిన రోజున మాత్రం తాళాలు చేతిలో పెడుతూ, "ఇదిగో, పోలీసులు జరిమానా టికెట్ ఒక్కటి రాశారా, తాళాలు మళ్ళీ నా జేబులోకి వచ్చేస్తాయ్. తర్వాత నన్ననకు" అన్నారు. ఆయన పద్ధతిగల మనిషి, అన్నంత పనీ చేస్తారు. ఆ తాళాలు పోతే నాకు మళ్ళీ గుమ్మం, పార్కింగ్ లాట్, ఎండే గతి. అందుకని రాత్రిళ్ళు కూడా వాటిని దిండు పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని.

నేను మొదటిసారి ఒంటరిగా కారు తీసింది శ్రావణ శుక్రవారం నాడు, వరలక్ష్మీ వ్రతం పేరంటానికి. పెళ్ళిలో మావారే ఏరికోరి కొన్న చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని, కాసుల పేరు వేసుకుని, మహారాణిలా మెట్లు దిగుతుంటే పై ఫ్లోర్ అక్క ఎదురైంది. ఆవిడ పప్పు నుంచి పసుపు దాకా అన్నీ జిప్ కవర్లలోనే సర్దుతుంది కాబట్టి మేమంతా కవర్ల అక్క అనేవాళ్ళం. "ఆగవే అమ్మాయ్! మా అమ్మ ఇండియా నుంచి ముగ్గుపిండి తెచ్చింది. నాకు మీటింగ్ ఉంది, రాలేను. ఇవి వ్రతం ఇంటావిడకిచ్చెయ్, వచ్చినవాళ్ళందరికీ తలోటీ పంచుతుంది" అంటూ చిన్న చిన్న కవర్లు బోలెడు తెచ్చి నా పక్క సీటులో పోసింది. అన్నీ తెల్లగా, మెత్తగా, ముచ్చటగా ఉన్నాయి.

స్టాప్ సైన్ దగ్గర ఆగాననే అనుకున్నాను. కారు మాత్రం ఆగలేదట. వెనక ఎరుపు, నీలం లైట్లు వెలిగాయి. టీవీలో చదివిన చదువు మాత్రం మరిచిపోలేదు. పక్కకి తీసి ఆపి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి కూర్చున్నాను. అద్దంలో చూస్తే మా పెదనాన్నంత మీసాలున్న పోలీసాయన వస్తున్నాడు. ఆయన వెనకాలే భుజాన కెమెరాతో ఒకతను, మైకుతో ఒకమ్మాయి. ఓరి నాయనో, మన ప్రోగ్రామే! నిజం చెప్పొద్దూ, ముందు పుట్టింటివాళ్ళు వచ్చినంత సంబరమేసింది. ఆ తర్వాత పోలీసాయన చూపు పక్క సీటులోని తెల్ల కవర్ల మీదికి వెళ్ళింది, దాని వెనకే నా చూపూ వెళ్ళింది.

"వాట్స్ దట్, మ్యామ్?"

ముగ్గుపిండి అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? కానీ నోరు తెరిస్తే వచ్చింది, నాకు కంఠతా వచ్చిన ఆ ఒక్క వాక్యమే. "దట్స్ నాట్ మైన్, ఆఫీసర్. మై ఫ్రెండ్ గేవ్ ఇట్!"

కెమెరా అతను గబుక్కున దగ్గరికొచ్చాడు. పాపం, అతనూ ఆ ప్రోగ్రామే కదా చేసేది, ఆ మాటకి అర్థం తెలుసు. పోలీసాయన నన్ను కిందికి దిగమన్నాడు. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని టెక్సాస్ రోడ్డు పక్కన నిలబడ్డాను. దేవుడికోసం, నేల మీద వేస్తాం అన్నాను. ఇంత తెల్ల పొడిని నేల మీద పారేస్తారా అని ఆయన. పారెయ్యం, వేస్తాం అని నేను. ఎలాగూ తాళాలు పోయినట్టే అనుకున్నాక ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. "ఐ షో యూ" అన్నాను. ఆయన ఒక కవరు తెరిచి పరీక్షగా చూసి, నెమ్మదిగా నా చేతికిచ్చాడు.

కొంగు దోపి ఫుట్‌పాత్ మీద కూర్చుని పిండి చిటికెడు తీశాను. చుక్కలు లెక్కపెట్టుకుంటూ పెట్టాను. మొదటి గీత పడ్డాక చెయ్యి మా అమ్మ చెయ్యయిపోయింది. అష్టదళ పద్మం వేశాను. పోలీసాయన ముందు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు, తర్వాత వంగి చూశాడు, చివరికి గొంతుక్కూర్చున్నాడు. కెమెరా అతను ఏకంగా బోర్లా పడుకున్నాడు. "ఆ మూల ఇంకో రేకు రావాలి కదా" అన్నట్టు పోలీసాయన వేలు చూపిస్తే, "ఐ నో, సార్, వెయిట్!" అని కసిరాను కూడా.

లేచేసరికి ఆయన నవ్వుతున్నాడు. తన కూతురు సుద్దముక్కతో వాకిలంతా గీస్తుందట, ఇది చూపిస్తానన్నాడు. టికెట్ ఇవ్వలేదు. స్టాప్ అంటే చక్రాలు పూర్తిగా ఆగాలమ్మా అని మాత్రం రెండుసార్లు చెప్పాడు. మైకమ్మాయి వచ్చి, టీవీలో మీ ముఖం చూపించొచ్చా అని అడిగింది. మావారు, ఆయన జేబు, జేబులో తాళాలు కళ్ళముందు కదిలాయి. "నో ఫేస్! ఓన్లీ ముగ్గు!" అన్నాను.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం మావారు నా పక్కన కూర్చుని పల్లీలు తింటుండగా అది వచ్చేసింది. ముఖం మసగ్గా ఉందన్నమాటేగానీ, చిలకపచ్చ చీర ధగధగలాడుతోంది. వెనక మా కారు, దాని తలుపు మీద మావారు స్వయంగా పెట్టిన సొట్ట. ఆయన పల్లీలు నమలడం ఆపేసి, పద్మం పూర్తయ్యేదాకా కళ్ళార్పకుండా చూశారు.

"ఎవరో మన తెలుగావిడలా ఉంది, పాపం" అన్నారు చివరికి.

"ఆఁ, ఎవరో" అన్నాను.

"ముగ్గు మాత్రం భలే వేసింది."

మర్నాడు పొద్దున లేచి చూస్తే దిండు పక్కన తాళాలు లేవు. ఏడుపొక్కటే తక్కువగా వంటింట్లోకి పరిగెత్తాను. ఆయన తలుపు పక్కన గోడకి కొత్త కొక్కెం బిగించి, తాళాలు దానికి తగిలిస్తున్నారు. "ఇక మీదట ఇక్కడే ఉంటాయ్, నీవే. స్టాప్ సైన్ దగ్గర మాత్రం ఆగవే తల్లీ" అన్నారు, నా వైపు చూడకుండానే.

ఎన్ని ఇళ్ళు మారినా ఆ కొక్కెం మాతోనే వచ్చింది. తాళాలు తీసినప్పుడల్లా టీవీలోని ఆ మసక ముఖం గుర్తొస్తుంది. అది చూసినవాళ్ళంతా ఆ పిల్ల భయపడుతోందనే అనుకుని ఉంటారు. నాకు తెలుసుగా, ఆఖరి రేకు వంకరపోకుండా కుదిరిందని దాని ముఖం వెలిగిపోతోంది.