అమ్మ చెయ్యి కదిలిన ఫొటో

మా బావగారు నిన్న అమ్మ పాత ఫొటోను ఏదో యాప్‌లో బాగుచేయించి కుటుంబం గ్రూపులో పెట్టారు.

అమలాపురం స్టూడియోలో నల్లగుడ్డలో తల దూర్చి “కదలకండమ్మా” అనే ఫొటోగ్రాఫర్లు మీకూ గుర్తుండే ఉంటారు. ఆ గుడ్డకు జడిసి నేను ఏడిస్తే, అమ్మ నా వీపు నిమిరింది. అందుకే ఆవిడ చెయ్యి మసకగా పడింది. ఆ ఏడాదే అమ్మ పోయింది. ఇంకో ఫొటో లేదు.

బావగారి బొమ్మలో ఐదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. అమ్మ ఎన్నడూ ఎరగని బంగారు గాజులు కూడా వచ్చాయి. ఒళ్లు మండి ఫోన్ చేశాను.

“బాగా వచ్చింది కదండీ?” అన్నారు.

“ఎవరండీ ఆవిడ?”

“మసక తీయించేనండీ, అంతే.”

“మీరు తీయించింది నన్ను నిమురుతున్న చెయ్యండీ. ఆ బొమ్మ తీసెయ్యండి.”

తీయలేదు. శుక్రవారం రావులపాలెంలో ఆయన మనవడి అన్నప్రాశన. నేను వెళ్లడం లేదు.