ఆర్విల్ మూకుట్లో మిగిలే గ్రేవీ

ఆర్విల్ టాకెట్ వంటింట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో బిస్కట్లూ గ్రేవీ ఒకేసారి అయిపోయిన రోజు లేదు. బిస్కట్లు అయిపోయేసరికి మూకుడులో సగం గ్రేవీ ఉంటుంది. దానికోసం మళ్ళీ బిస్కట్లు చేస్తే ఈసారి గ్రేవీ చాలదు. మిగిలిన బిస్కట్ల కోసం మళ్ళీ సాసేజి వేయిస్తాడు. ఎవరూ ఆపకపోతే మా ఇంట్లో పొద్దుటి ఫలహారం రాత్రి భోజనం దాకా సాగుతుందని అతని భార్య జెల్లా ఊరందరికీ చెప్పుకునేది.

తూర్పు కెంటకీ కొండల్లో బిస్కట్టంటే టీలో ముంచుకునే పెళుసు బిళ్ళ కాదు. పిండిలో పంది కొవ్వు నలిపి, మజ్జిగతో కలిపి, ఓవెన్లో ఉబ్బించి, వేడివేడిగా విరిచి గ్రేవీ పోసుకుని తినే మెత్తటి రొట్టె. గ్రేవీ అంటే సాసేజి అనే పందిమాంసపు ముద్దను వేయించి, ఆ కొవ్వులోనే పిండీ పాలూ పోసి కాచే చిక్కటి పులుసు. అది కడుపులో పడకుండా అక్కడ ఎవరికీ తెల్లవారదు.

ఆర్విల్ రంపపు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. చాలాకాలం కుర్చీలో ఊగుతూ కూర్చున్నాడు. అవతలి కొండమీది బొగ్గుగని మూతపడిన ఏడాది, చలి మొదలవుతుండగా, ఉన్నట్టుండి లేచి "ఇన్నేళ్ళు నువ్వు వండావు, ఇక పొద్దుటి పూట నాది" అన్నాడు. జెల్లా మురిసిపోయింది. ఆ మురిపెం వారమైనా నిలవలేదు.

"ఏమయ్యా, ఇంట్లో ఉన్నది మనిద్దరం. ఆ మూకుడు చూస్తే చర్చి మొత్తానికి వండినట్టుంది."

"పాలు కాస్త జారాయే."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్న జారింది పిండి. గట్టిపడిందని పాలు పోశాను. పలచబడిందని పిండి వేశాను. మధ్యలో సాసేజి తక్కువైనట్టు అనిపించింది."

"పిండికొద్దీ రొట్టె అంటారు. రొట్టెకొద్దీ గ్రేవీ అనేది నీకు ఈ జన్మలో తెలుస్తుందా?"

"తెలుస్తుందిలే. నిదానం మీద."

ఒకరోజు పిండిది తప్పు, ఒకరోజు స్టవ్వుది తప్పు. వాన పడితే వానది, పడకపోతే ఎండది. ఆవు నిన్న ఏదో తిన్నదని, అందుకే పాలు మూకుడులో పొంగాయని కూడా ఒకసారి అన్నాడు. ఆవు మాత్రం పాపం ఎదురు చెప్పలేదు. దుంగను ఒక్క చూపు చూసి వెంట్రుకవాసి తేడా లేకుండా పలకలు కోయించిన మనిషికి గ్లాసెడు పాలు కొలవడం రాకపోవడమేమిటా అని జెల్లా అప్పుడప్పుడూ ఆలోచించేది. మగవాళ్ళ తెలివి వంటింటి గడప దాకానే అని సరిపెట్టుకునేది.

గ్రేవీ మిగలగానే ఆర్విల్ గరిటెతో సహా వరండాలోకి వెళ్ళి వాగు అవతలికి కేక పెట్టేవాడు.

"ఎస్టిల్, కాస్త వచ్చి సాయం పట్టరా. ఇవాళ కూడా ఎక్కువైంది."

ఎస్టిల్ మెసర్ ఆ మూతపడిన గనిలో పనిచేసినవాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. చర్చివాళ్ళు అతని గుమ్మంలో సరుకుల బుట్ట పెడితే, దాన్ని మోసుకెళ్ళి మళ్ళీ చర్చి మెట్లమీదే పెట్టి, "ఎవరో అవసరమున్నవాళ్ళది పొరపాటున నా ఇంటికి వచ్చింది" అని చెప్పిన మనిషి. ఆ కొండల్లో దానం పుచ్చుకునేవాడు దొరకడు. సాయం అడిగితే కాదనేవాడూ దొరకడు.

కాబట్టి ఎస్టిల్ వచ్చేవాడు. విసుక్కుంటూ వచ్చేవాడు.

"నీ మూలంగా నా పనులన్నీ ఆగిపోతున్నాయి ఆర్విల్. ఇంత చేతకాని వంట నేనెక్కడా చూడలేదు."

"పారబోస్తే జెల్లా నన్ను బతకనివ్వదురా. కూర్చో."

"సరే, ఇవాళ్టికి. రేపు మాత్రం చూసి చెయ్యి."

ఒక పొద్దున ఆర్విల్ జ్వరంతో లేవలేకపోయాడు. జెల్లా తన వంటిల్లు తనకు దక్కిందన్న సంబరంతో కొంగు బిగించినంత పని చేసింది. సాసేజి చిదిమి వేయించి, కొవ్వులో పిండి దోరగా వేపి, పాలు పోసి కలుపుతూ, మిరియాల పొడి చల్లింది.

"ఇంకాస్త పొయ్యవే" అని పడకగదిలోంచి బొంగురు గొంతు వినిపించింది.

"పడుకోవయ్యా. నీ దగ్గర నేర్చుకోవలసిన గతి నాకింకా పట్టలేదు."

ఇద్దరూ తిన్నాక ఒక్క బిస్కట్టు లేదు, మూకుడులో గరిటెడు గ్రేవీ లేదు. జెల్లాకి చెప్పలేనంత తృప్తి కలిగింది. సరిగ్గా అప్పుడు వరండా మెట్లమీద అడుగుల చప్పుడైంది.

"ఇవాళ కేక వినపడలేదు చెల్లెమ్మా. ఆర్విల్ కులాసాయేనా?" అన్నాడు ఎస్టిల్, టోపీ తీసి చేత పట్టుకుని. చర్చిలో కలిసి కూర్చునేవాళ్ళంతా అక్కడ అన్నాచెల్లెళ్ళే.

"కాస్త జ్వరం అన్నయ్యా. ఇవాళ నేనే వండాను. చెంచాడు మిగలకుండా సరిపోయింది. ఇక మీకు రోజూ ఈ శ్రమ తప్పిస్తాను" అంది జెల్లా గొప్పగా.

ఎస్టిల్ మూకుడు వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"మంచిది. నాకూ ఇవాళ చాలా పనుంది."

"కాఫీ అయినా తాగండి."

"వద్దమ్మా. తినే వచ్చాను."

అతను మెట్లు దిగుతుంటే జెల్లా వాగు అవతలికి చూసింది. అంత చలిలోనూ ఎస్టిల్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. పొయ్యి వెలిగించనివాడు ఏం తిని వచ్చినట్టు? ఆమె తిరిగి పడకగదిలోకి చూసింది. ఆర్విల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. గని మూతపడటం, ఈయన గరిటె పట్టడం ఒకే చలికాలంలో జరిగాయని ఆమెకు అప్పుడు తట్టింది. ఊరంతా తిరిగి తన మొగుడికి వంట రాదని చాటినందుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆ ముసలాయన మీద ప్రేమ పొంగింది.

మిగిలిన సాసేజి అంతా మూకుట్లో పడేసింది. పిండి గుప్పిళ్ళతో వేసింది. పాలకూజా మొత్తం ఒంపేసి, గుమ్మంలోకి పరుగెత్తింది.

"అన్నయ్యా, ఒక్కమాట. సాయంత్రానికి కాస్త చేసుకుందామనుకుంటే చెయ్యి జారింది. ఇప్పుడీ మూకుడు ఎవరు ఖాళీ చేస్తారు?"

ఎస్టిల్ వాగు దగ్గర ఆగాడు.

"మొగుడి గాలి తగిలింది నీకు" అంటూ వెనక్కి వచ్చాడు.

జెల్లా మళ్ళీ పిండి కలిపి బిస్కట్లు కాల్చింది. ఎస్టిల్ ఒక్కొక్కటీ విరిచి, నింపాదిగా తిన్నాడు. మిరియాలు ఎక్కువయ్యాయన్నాడు. అడుగంటిన వాసన వస్తోందన్నాడు. జెల్లా అన్నిటికీ తలవంచుకుని, ఔనన్నయ్యా, ఔనన్నయ్యా అంది. చివరికి అతను పళ్ళెం తుడుచుకుని, టోపీ పెట్టుకుని, గుమ్మంలో ఆగాడు.

"ఆర్విల్ లేచేసరికి నాలుగు రోజులైనా పడుతుంది. ఒక్కదానివి ఈ వంటతో ఏం వేగుతావు? రేపు పిలవకపోయినా వస్తాన్లే."