ఐదు నెలల కుంటినడక

వైద్య పరీక్ష గది నుంచి బయటికి వచ్చి కారెక్కేదాకా ఐర్వెన్ ప్రోబర్ట్ తల దించుకునే నడిచింది. భర్త గెథిన్ ఆమె చేతికర్రలు రెండూ వెనక సీట్లో పడేసి, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి లోపల పెట్టి, బెల్టు బిగించాడు. అక్టోబరు వాన సన్నగా, విసుగు పుట్టించేలా పడుతోంది.

"అయిపోయిందిగా. ఇక మర్చిపో," అన్నాడు.

"నా లోదుస్తులు ఎవరు తొడుగుతారో చెప్పాను. దొడ్డికెళ్తే ఎవరు కడుగుతారో చెప్పాను. అన్నీ నీ ముందే చెప్పించింది," అంది ఐర్వెన్. "ఆ పరీక్ష చేసే పిల్లకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తలెత్తి చూడకుండా టైపు కొట్టుకుంటూ, 'వారానికి ఎన్నిసార్లు?' అంటుందా?"

"దాని ఉద్యోగం అది."

"నాకూ ఉండేది ఉద్యోగం. నేనెవర్నీ ఇలా అడగలేదు."

ఆమెది బడి వంటగదిలో ఇరవై నాలుగేళ్ల ఉద్యోగం. రోండా లోయలో ఆ చుట్టుపక్కల ముప్పై ఏళ్ల వయసున్న వాళ్లలో సగం మంది ఆమె చేతి కూడు తిని పెరిగిన వాళ్లే. రెండు వందల మందికి బంగాళదుంపలు ఉడికించిన గుండిగను ఒక్కతే పొయ్యి మీంచి దించేది. క్యారెట్లు ముట్టకుండా లేచిన పిల్లవాడు ఆమె చూపు తగిలి మళ్లీ కూర్చునేవాడు. యాభై ఒకటో ఏట కీళ్లవాతం పట్టుకుంది. ముందు వేళ్లు, తర్వాత మోకాళ్లు, ఆ పైన తుంటి. ఏడేళ్లలో ఆ చేతులు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. జాకెట్టు గుండీ తనంతట తాను పెట్టుకోలేదు.

వాళ్లుండే వీధి కొండవాలున ఉంది. రోడ్డు మీంచి గుమ్మం దాకా పదహారు మెట్లు. ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల భృతిలో నడక కోసం ఇచ్చే భాగానికి బదులు ఆమె ఒక కారు తీసుకుంది. ఆ కారులోనే ఆసుపత్రి, చాపెల్లో ఆదివారం ప్రార్థన, మంగళవారం గాయక బృందం సాధన. నాలుగేళ్లకి గడువు తీరింది గనక మళ్లీ పరీక్ష చేశారు. ఎనిమిది వారాల్లో ఉత్తరం వస్తుందన్నారు. కాదంటే భృతీ పోతుంది, దాంతో కారూ పోతుంది.

ఎనిమిది వారాలూ గడిచాయి. పోస్టు మనిషి ఎర్ర సంచీ తగిలించుకుని పదకొండింటికి మెట్లెక్కి వచ్చేది. పది దాటిందంటే ఐర్వెన్ ముందు గది కిటికీ దగ్గర చేరేది. కరెంటు బిల్లు, పిజ్జా కాగితం, ఎవరిదో వినికిడి యంత్రాల ప్రకటన. గోధుమరంగు కవరు మాత్రం లేదు. గెథిన్ ఫోను చేస్తే నలభై నిమిషాలు ఒకటే వాయిద్యం వినిపించి, చివరికి ఎవరో అబ్బాయి, "మీ కేసు నిర్ణేత దగ్గర ఉందండీ," అని పెట్టేసేవాడు. ఆ నిర్ణేత ఎవరో, ఏ ఊళ్లో కూర్చుంటాడో అడిగితే, అది తనకు కనబడదన్నాడు.

డిసెంబరులో క్లైవ్ హాప్‌కిన్ సంగతి వీధంతా పాకింది. ఐదిళ్ల అవతల ఉంటాడు, వెన్నుపూస దెబ్బతిన్న మనిషి. నొప్పి తగ్గిన ఒక్క రోజున మనవరాలి కోసం క్రిస్మస్ చెట్టు మోసుకొస్తుంటే ఎవరో చూసి, దొంగ భృతుల మీద ఫిర్యాదుల నంబరుకి ఫోను చేశారట. వారం తిరక్కుండా ఆయనకు విచారణ కాగితం వచ్చింది. ఎవరు చేశారో తెలియదు. అప్పట్నుంచి వీధిలో ప్రతి కిటికీ తెర వెనకా ఎవరో ఉన్నట్టే అనిపించసాగింది ఐర్వెన్‌కి.

ఆమె జబ్బుకి మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయి. నెలలో ఒకటి రెండు మంచి రోజులొస్తాయి. అలాంటి రోజున ఒక్క కర్రతో పెరట్లోకి వెళ్లి, కుండీల్లో ఎండుటాకులు ఏరి, కాసేపు నిలబడేది. అది మానేసింది. మంచి రోజైనా రెండు కర్రలూ పట్టుకోనిదే గుమ్మం దాటేది కాదు. ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చే కేకులు గెథిన్‌కి ప్రాణం. పిండి కలపగలిగిన ఒక రోజున ఆమె ముందు వంటింటి తెర లాగి, తర్వాత గిన్నె బయటికి తీసింది. సొంత ఇంట్లో దొంగలా పిండి కలిపింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం గెథిన్ దుకాణం నుంచి వస్తూ, మెట్ల మీద కాలు ఈడ్చుకుంటూ దిగుతున్న ఆమెని చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి. ఏ అడుగు నొప్పిదో, ఏ అడుగు కాదో ఆయనకు చెప్పక్కర్లేదు.

"ఏమే, ఎవరి కోసం కుంటుతున్నావు?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె మొహం జేవురించింది. "నొప్పిగా ఉంది."

"ఉంది, నాకు తెలుసు. కానీ అది ఎడమ కాలు. నువ్వు ఈడుస్తున్నది కుడికాలు."

ఆమె వెనక్కి తిరిగి లోపలికెళ్లి, తలుపు వేసుకుని, అద్దంలో తన మొహం చూసుకుని, "ఛీ" అనుకుంది. ఉన్న రోగాన్ని నటించడమంత రోత మరొకటి ఉంటుందా? అబద్ధమాడేవాళ్లకి కనీసం పొందేది ఏదో ఉంటుంది. తను నిజాన్నే అబద్ధంలా మార్చుకుంటోంది. అలా అనుకుంది గాని, మర్నాడు గుమ్మం దిగేటప్పుడు కుడికాలే ఈడ్చింది.

ఫిబ్రవరిలో మోర్విత్ చనిపోయింది. బడి వంటగదిలో ఇరవై ఏళ్లు ఐర్వెన్ పక్కన నిలబడి గిన్నెలు తోమిన మనిషి. గాయక బృందంలోనూ పక్క కుర్చీయే. ఐర్వెన్ గుండీలు పెట్టుకోలేని రోజుల్లో సాధనకి ముందు వచ్చి, "ఏవమ్మా వంటల రాణీ, ఇవాళ కూడా నేనే దాసీనా?" అంటూ గుండీలు పెట్టేది.

అంత్యక్రియల నాడు, విచిత్రంగా, ఒళ్లు తేలిగ్గా ఉంది. చాపెల్లో మూడో వరుసలో కూర్చుంది. చివరి కీర్తన మొదలయ్యేసరికి బల్లల చప్పుడుతో అందరూ లేచారు. మోర్విత్‌కి ఆ కీర్తన ఇష్టం. దాన్ని కూర్చుని పాడేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. ఐర్వెన్ ముందు బల్ల అంచు పట్టుకుంది. మోకాళ్లలో సత్తువ ఉంది. లేవగలదు. ఆ పాట మూడు చరణాలు నిలబడగలదు.

పక్క వరుసలో ఒకామె ఫోను పైకెత్తి పట్టుకుంది. మోర్విత్ చెల్లెలు న్యూజిలాండులో ఉంటుంది, రాలేకపోయింది, ఆమె కోసం వీడియో తీస్తోంది. ఆ ఫోను మెల్లగా గది మొత్తం తిరిగి ఐర్వెన్ వైపు వచ్చింది.

ఐర్వెన్ బల్ల అంచు వదిలేసింది. నడుము ఇంకొంచెం వంచుకుని కూర్చుంది. నిలబడ్డ వాళ్ల కోట్ల మధ్య, వాళ్ల నడుముల ఎత్తున, నోరు కదుపుతూ ఉండిపోయింది.

తర్వాత హామ్ శాండ్‌విచ్‌లు, టీ. మోర్విత్ కూతురు షోనెడ్ వచ్చి బుగ్గ ముద్దుపెట్టి, "వచ్చావు ఆంటీ, అదే చాలు. ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు," అంది. ఐర్వెన్ చేతిలోని శాండ్‌విచ్ ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. ఇంటికెళ్లాక, ఎందుకలా ఉన్నావని గెథిన్ ఎన్నిసార్లు అడిగినా కారణం చెప్పలేదు.

మార్చి ఆఖరి వారంలో కవరు వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఒక దాంట్లో నిర్ణయం. రెండో దాంట్లో, గెథిన్ ఎప్పుడో అడిగి పెట్టిన పరీక్ష నివేదిక నకలు. నిర్ణయం ఒక పేజీ. భృతి రద్దు. మూడు వారాల్లో కారు అప్పగించాలి.

గెథిన్ కళ్లజోడు పెట్టుకుని నివేదిక పైకి చదివాడు. "'అర్జీదారు చక్కగా తల దువ్వుకుని, నగలు ధరించి వచ్చారు.' నేను దువ్విన తల ఇది. చెవిపోగులు కూడా నేనే పెట్టాను, రెండోది పెట్టేసరికి పావుగంట పట్టింది." ఇంకా చదివాడు. "'సంచీలోంచి మందుల డబ్బా తీసి చూపించారు. చేతి పట్టు సంతృప్తికరం.' తీసింది నేను. ఆ పిల్ల ఎదురుగానే తీశాను. 'గతంలో వంటమనిషి గనుక భోజనం తయారుచేసుకోవడంలో ఇబ్బంది ఉండదని భావించడమైనది.'"

"అంటే నేను గుండిగ మోసిన పాపానికి," అంది ఐర్వెన్.

"'ఒకసారి కన్నీరు పెట్టుకున్నారు, త్వరగానే తేరుకున్నారు.'"

"తేరుకోకపోతే వాళ్లేం చేసేవాళ్లు? రుమాలు ఇచ్చేవాళ్లా? ఇలా ఇవ్వు ఆ కాగితం."

ఆయన ఇచ్చాడు. ఆమె చివరి పేజీ తిప్పింది. కింద సంతకం ఉంది, దాని పక్కన తేదీ, సమయం. పరీక్ష జరిగిన రోజే, సాయంత్రం నాలుగూ పదికి. వాళ్లు గది వదిలింది మూడున్నరకి.

ఆమె ఆ తేదీ వంకే చాలాసేపు చూసింది. నలభై నిమిషాల్లో తన సంగతి తేలిపోయింది. మిగతా ఐదు నెలలూ ఆ కాగితం ఏదో బల్ల మీద పడి ఉంది, అంతే. ఆ నిర్ణేత ఎవరో గాని, ఉన్న కాగితాన్ని కొత్త కాగితం మీదికి ఎక్కించాడు. ఎవరూ కిటికీ తెర వెనక నిలబడలేదు. ఎవరూ మెట్ల కింద కాపు కాయలేదు. తను ఏ కాలు ఈడ్చినా, ఈడవకపోయినా, లోకంలో ఒక్క మనిషికీ పట్టలేదు.

"గెథిన్," అంది. "నేను లేవగలిగి కూడా లేవలేదు."

"ఎక్కడ?"

"మోర్విత్ చావుకి. చివరి పాటకి. లేవగలిగేదాన్నే. ఫోనుకి భయపడి కూర్చున్నాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. టీకి కెటిల్ పెట్టడానికి లేచాడు.

ఆ కారు తమ దగ్గర ఉన్న ఆఖరి ఆదివారం, ఐర్వెన్ తనను షోనెడ్ ఇంటికి తీసుకెళ్లమంది. మోర్విత్ కుర్చీ ఇంకా పొయ్యి పక్కనే ఉంది. ఐర్వెన్ అందులో కూర్చోకుండా గోడ పక్క కుర్చీలో కూర్చుని, ఉన్నదంతా చెప్పింది, ఎక్కడా దాచకుండా.

"నాకు కోపం వస్తోంది ఆంటీ. అబద్ధం చెప్పను," అంది షోనెడ్. "అమ్మకి నువ్వు తప్ప ఇంకెవరున్నారు ఆ గదిలో, ఆ పాటంటే ఆమెకేమిటో తెలిసినవాళ్లు?"

"రావాలి కోపం. తిట్టు."

"నీ మీద కొంచెమే. మిగతాది ఎవర్ని తిట్టాలో తెలిసి చావడం లేదు." ఆ పిల్ల ముక్కు చీదుకుంది. "అమ్మ ఉంటే ఏమనేదో చెప్పనా? 'దానికి ఆ మూడో చరణం ఎప్పుడూ శ్రుతి తప్పుతుంది, కూర్చోవడమే మంచిదైంది' అనేది."

ఐర్వెన్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఈసారి త్వరగా తేరుకోలేదు. షోనెడ్ రుమాలు ఇచ్చింది.

కారు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి మర్యాదస్తుడు. "క్షమించండమ్మా, నేను డ్రైవర్ని మాత్రమే," అన్నాడు. ఐర్వెన్ పదకొండు నెలలు ఆ పదహారు మెట్ల పైనే ఉండిపోయింది. ఆసుపత్రి బండి వచ్చినప్పుడు తప్ప దిగలేదు. నిర్ణయం మళ్లీ చూడమని రాస్తే, మళ్లీ చూశాం, అదే నిర్ణయం అని జవాబు వచ్చింది. అప్పుడు అప్పీళ్లు వినే ట్రైబ్యునల్‌కి రాశారు; అక్కణ్నుంచి పిలుపు వచ్చేసరికి ఆ పదకొండు నెలలూ పట్టింది.

ట్రైబ్యునల్లో ముగ్గురు కూర్చున్నారు, న్యాయమూర్తి, ఒక డాక్టరు, ఒక వికలాంగ సంఘం మనిషి. భృతి ఆఫీసు తరఫున ఎవరూ రాలేదు. డాక్టరు పెద్దాయన. ఆమె చేతులు చూపించమన్నాడు. చూశాడు, తాకే ముందు అడిగి మరీ తాకాడు.

"మంచి రోజున ఎంతసేపు నిలబడగలరు?" అని అడిగాడు.

ఆ గదిలోకి వచ్చేటప్పుడే గెథిన్ చెవిలో ఊదాడు, మంచి రోజుల మాట ఎత్తకే అని. ఐర్వెన్ ఆయన వైపు చూడలేదు.

"మూడు చరణాల కీర్తన ఒకటి పాడేంతసేపు," అంది. "నెలకి ఒకటి రెండు రోజులు. అలాంటి రోజున నిలబడగలిగి కూడా కూర్చున్నాను, మీవాళ్లు చూస్తారని. ఇప్పుడు చెబుతున్నాను, రాసుకోండి. ఆ మర్నాడు మంచం దిగలేను. అదీ రాసుకోండి."

వాళ్లు రాసుకున్నారు. బయట కూర్చోమన్నారు. టీ కప్పు సగం కాకముందే మళ్లీ పిలిచారు. పాత భృతి పూర్తిగా తిరిగి ఇవ్వాలని న్యాయమూర్తి చదివి వినిపించింది. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. నడవాలోకి రాగానే గెథిన్ గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఐర్వెన్ ఆయన భుజం తట్టింది. తనకి కన్నీరు రాలేదు.

మే నెలలో కొత్త కారు వచ్చింది. మొదటి రోజే గెథిన్ పోర్త్‌కాల్ తీరానికి తీసుకెళ్లి, సముద్రానికి ఎదురుగా ఆపి, కాగితంలో చుట్టిన వేడి వేడి బంగాళదుంప చిప్స్ తెచ్చాడు. సీట్ల మీద ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు. ఆయన ఒక్కొక్క ముక్కా ఊది ఆమె నోటికి అందించాడు.

"సంతోషంగా లేదా?" అన్నాడు.

"మొన్న వచ్చిన ఉత్తరం చదివావా?"

"చదివాను. మూడేళ్లకి ఇచ్చారు."

"మూడేళ్లకి. గడువుకి ఏడాది ముందే మళ్లీ పరీక్షకి పిలవచ్చుట. అంటే మిగిలింది రెండు." ఆమె నీళ్ల వైపు చూసింది. "ఈ వేళ్లు ఆలోపు తిన్నగా మొలుస్తాయని కాబోలు."

"ఐర్వెన్, గెలిచాం."

"గెలిచాం. నా ఒంటి సంగతి నాకు తెలుసని ముగ్గురు పెద్దమనుషులు ఒప్పుకున్నారు. దానికి ఏడాదిన్నర పట్టింది. ఒక్కరైనా 'తప్పయింది' అన్నారా? ఆ కాగితం రాసిన పిల్ల ఈపాటికి ఎంతమందికి రాసి ఉంటుందో." ఆమె మొహం తిప్పుకుంది. "సంతోషం కాదు గెథిన్. ఒళ్లు తోముకుని స్నానం చెయ్యాలనుంది."

గెథిన్ చిప్స్ కాగితం మడిచి డాష్‌బోర్డు మీద పెట్టాడు. "సరే, ఇంటికెళ్లాక నీళ్లు కాస్తాను," అన్నాడు. ఇంజను స్టార్ట్ చేయబోతే ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసి, "ఇప్పుడే వద్దు. కాసేపు కిటికీ దించు," అంది.

ఆయన దించాడు. ఉప్పుగాలి లోపలికి కొట్టింది. ఇద్దరూ చిప్స్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నారు.