చిన్నాయన పటికముక్క

మొన్న గిద్దలూరు స్టేషనులో సామాన్ల బరువులు రాసుకుంటుంటే, గుంటూరు వైపు నుంచి వచ్చిన బండి దిగి మా ఊరి మనిషి ఒకతను నా దగ్గరికి వచ్చాడు. "మీ చిన్నాయన తెల్లారుజామున పోయినాడబ్బయ్యా" అన్నాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే గడ్డం తడుముకుంది. నున్నగా ఉంది. ఆ నునుపు ఆయన పెట్టిన భిక్ష.

మా నాయనకు తమ్ముడాయన. మార్కాపురం పలకరాతి గనిలో మేస్త్రీ. ఒకనాడు రాయి పేల్చే మందు వేళకు ముందే పేలి రెండు కళ్ళూ పోయాయి. రాతి నలుసులు చెంపల్లో దిగి, చర్మం కింద నల్లగా ఉండిపోయాయి. మంగలి కత్తి వాటికి తగిలి రెండుసార్లు నెత్తురు కారాక, తన ముఖం మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వనన్నాడు. గుంటూరు నుంచి సేఫ్టీ రేజరు తెప్పించుకున్నాడు. కళ్ళు లేనివాడికి బ్లేడేందని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నాను.

తర్వాత నాకు రైల్వేలో గుమాస్తా పని దొరికింది. రోజూ గడ్డం గీసుకుని రావాలని స్టేషను మాస్టరు ఆజ్ఞ. మంగలేమో వారానికొకసారి వస్తాడు. నేనూ ఒక రేజరు కొన్నాను. తెగినచోటల్లా కాగితం ముక్కలు అంటించుకుని డ్యూటీకి పోతే, "ఇంకోసారి ఈ అవతారంతో కనబడితే ఇంటికే" అన్నాడు మాస్టరు. ఆయన పంపేలోపు నేనే మానేద్దామని రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి బండెక్కాను.

చిన్నాయన నా చెంప తడిమాడు. "ఏందిరా ఇది? గడ్డం గీసినావా, గడ్డి చెక్కినావా?" అంటూ నా అద్దం లాక్కుని బోర్లా పెట్టేశాడు.

"అద్దం లేకుంటే ఎట్ల చిన్నాయనా?"

"వెంట్రుక ఎటు వాలిందో అద్దం చెప్తాదా? వేలితో చూడు."

వేడినీళ్ళ గుడ్డతో ముందు తన ముఖం తడిపాడు. సబ్బు నురగ తీరిగ్గా పట్టించాడు. ఎడమచేతి వేలు ముందు, బ్లేడు వెనక. "అదమొద్దు. దాని బరువు దానికి చాలు." వేలు ఒక నలుసు మీద ఆగితే బ్లేడూ ఆగేది, పక్కనుంచి జారి మళ్ళీ దారిలో పడేది. మీరు నమ్మరు, ఒక్క చుక్క నెత్తురు లేదు. ఆనాడు ఊరితో పాటు నవ్విన నా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

నా వంతు వచ్చింది. గదవ కింద చురుక్కుమంది. నా మూలుగు విని, "గాబరా పడొద్దు. చన్నీళ్ళు కొట్టు. పటిక తడిపి అదిమి పట్టు. తీసి తీసి చూసుకుంటే నెత్తురెట్ల నిలుస్తాది?" అన్నాడు. నిలిచింది. సెలవైపోయి డ్యూటీకి పోయిననాడు మాస్టరు నా ముఖం ఒకసారి చూసి, లెక్కల పుస్తకం నా ముందుకు తోశాడు.

మొన్న నేను ఊరు చేరాక, చిన్నాయనకు ఆఖరి స్నానం చేయించే ముందు మంగలి ఆ చెంపలు చూసి వెనకాడాడు. నేను గీస్తానన్నాను. నా చేతికి పని నేర్పింది ఆయన చెయ్యే కదా. అద్దం లేదు, కళ్ళూ మూసుకున్నాను. వేలు ముందు, బ్లేడు వెనక. ప్రతి నలుసు దగ్గరా ఆగి, పక్కకు తప్పుకుంటూ వచ్చాను. అంత ముఖాన్ని రోజూ ఒక్కడే చీకట్లో ఎట్లా దాటేవాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పోయినవాళ్ళకు నెత్తురు రాదంటారు. అయినా ఆయన పటికముక్క తడిపి పక్కన పెట్టుకున్నాను. అరిగి అరిగి దానికొక పల్లం పడింది. ఆయన బొటనవేలు పట్టేంత.