అంబాసిడర్‌కు తారు పూసిన మహానుభావుడు

రాజోలులో ధనరాజు షెడ్డు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఈ మధ్య చెవులు మూసుకుంటున్నారు. సుత్తి మోతకు కాదు, అతని తిట్లకు. తండ్రి త్రిమూర్తులు గారు టాక్సీగా తిప్పి అమ్మేసిన అంబాసిడర్‌ను, ఆ తర్వాత ముగ్గురు వాడి మూల పడేశాక, వెతికి మరీ కొన్నాడు. నాన్నగారు నడిపిన రోజుల్లో ఎలా ఉండేదో అచ్చం అలా చెయ్యాలి, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పాలి. అదొక్కటే కోరిక.

ఆ ముగ్గురూ తక్కువ మేధావులా! ఒకాయన ఊడిన సైలెన్సర్‌ను కొబ్బరితాడుతో కట్టాడు. కాలి తెగిన ప్రతిసారీ కొత్త తాడు కట్టాడు పాపం, ఓపికమంతుడు. ఇంకొకాయన తలుపు చిల్లులో కాగితాలు కుక్కి పైన లప్పం మెత్తాడు. గీకితే ఎవరిదో శుభలేఖ చెక్కుచెదరకుండా బయటపడింది.

వీటన్నిటినీ మించింది అడుగు రేకు. లోపల పడిన వాననీళ్ళు పోవడానికి కంపెనీవాడు ఆరు కంతలు వదిలాడు. ఏ మహానుభావుడో ఆరింటిలోనూ గోనెపీచు కుక్కి, పడవలకు పూసే తారుతో బిగించేశాడు. నీళ్ళు పోయే దారి లేక రేకు చాలా చోట్ల అప్పడంలా తయారైంది.

"కారనుకున్నాడా, నావనుకున్నాడా! తెడ్డొకటి పెట్టడం మర్చిపోయేడు వెధవ!" అంటూ ధనరాజు ఉలితో గీకుతున్నాడు. "మా నాన్నగారైతే ఇలాంటి పని చెయ్యనిచ్చేవారా?"

మజ్జిగ తెచ్చిన తల్లి వరహాలమ్మ వంగి చూసింది.

"నోరు ముయ్యరా. ఆ తారు పూసింది మీ నాన్నగారే."

"నాన్నగారా? ఆ మాత్రం తెలీదా అమ్మా ఆయనకి?"

"తెలీకేం? రేకు పుచ్చిపోద్దని అందరూ చెప్పేరు. నీకప్పుడు నాలుగేళ్ళు. కారు పంటు మీద గోదారి దాటేటప్పుడల్లా ఆ కంతల్లోంచి, పంటు చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళు కనపడి, మునిగిపోతన్నామని గుక్కపట్టి ఏడ్చేవోడివి. రేకు పోతే పోయింది, పిల్లోడు హడిలిపోతన్నాడని ఆయనే కూర్చుని మూసేరు."

తిట్టండి ధనరాజు గారూ, ఇప్పుడు తిట్టండి! ఊళ్ళో మెకానిక్కులందరికీ వంకలు పెట్టినవాడు ఉలి కింద పెట్టేశాడు. కళ్ళల్లో నీళ్ళు ధారాళంగా వచ్చాయి.

అప్పటికే ఐదు కంతలు గీకేశాడు. వెనక సీటు కిందది ఒక్కటే మిగిలింది. దాన్ని తెరవకపోతే రెండు వానాకాలాల్లో ఆ పక్కంతా తుప్పు పట్టిపోతుందని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

మర్నాడు కొంచెం తారు తెప్పించి, దాని మీద ఇంకో పూత పూశాడు.