దండిగా ఉందని రాశాను

మొన్న తమ్ముడు పోతే దినాలకు ఊరినుంచి వచ్చిన మా చెల్లెలు, వాడు సూరత్ చేరిన కొత్తలో తనకు రాసిన ఉత్తరాలన్నీ ఒక సంచిలో వేసుకొచ్చింది. సూరత్‌లోని ఈ డిండోలి పేటలోనే పుట్టి గుజరాతీ బడిలో చదివిన తమ్ముడి మనవరాలికి తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు కనుక, నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివి వినిపిస్తుంటే, "పెద్దతాతా, ప్రతి చిట్టీల దండి దండి అని రాసిండు, దండి అంటే ఏంది, బహుత్ అనా?" అని అడిగింది. అవునమ్మా అని తలూపాను గాని, "అన్న రాసినట్టే ఇక్కడ అన్నీ దండిగ ఉన్నయి" అన్న వాక్యం దాటి చదవలేకపోయాను.

బహుత్ అంటే సరిపోదు. వానలు దండిగా పడ్డాయన్నా, పెళ్లిలో వడ్డన దండిగా ఉందన్నా, గుమ్మంలో పట్టని మా మేనత్తను దండి మనిషి అన్నా, మా అమ్మ నోట ఆ మాటలో నలుగురికి పెట్టినా తరగదన్న ధీమా వినిపించేది. బట్టలు నేసుకు బతికే మా సాలోళ్ల ఇళ్లలో ఏదీ దండిగా ఉండేది కాదు గనకనే కాబోలు, దానికంత విలువ.

అంత విలువైన మాటను నేను ఒక కార్డుముక్క మీద పాడుచేశాను. చేమగ్గం నాకొద్దని నాయనతో గొడవపడి సూరత్ వచ్చిన కొత్తలో, ఒక్క గదిలో ఆరుగురం వంతులవారీగా పడుకుంటూ, పని దొరికితే తిండి, లేకుంటే పస్తు అన్నట్టు బతుకుతూ కూడా, నాయన ముందు చిన్నబోవడం ఇష్టంలేక, ఇక్కడ పని దండిగా ఉంది, చోటు దండిగా ఉంది అని రాసేశాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ నా సంగతి. ఊళ్లో అందరికన్నా నున్నగా నేసే నా తమ్ముడు అది చదివి, మగ్గం పీకి అమ్మేసి, భార్యను వెంటబెట్టుకుని ఇక్కడి ఉధనా స్టేషన్లో దిగాడు.

గది గడపలో నిలబడి ఆరు పక్కబట్టల మూటలను వాడు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మర్నాడే మరమగ్గాల కార్ఖానాలో చేరి, ముప్పై ఏళ్లకు పైగా ఆ చప్పుడులోనే నిలబడి, రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. చెల్లెలికి మాత్రం, అన్న మాట అబద్ధం కాకూడదని, అదే మాట రాస్తూ వచ్చాడని ఇప్పుడు తెలిసింది.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఇంటిముందు కూర్చుని, ఇక ఆగలేక, నేను అబద్ధం రాశానురా, నీ మగ్గం నావల్లే పోయిందిరా అని ఏడుస్తూ చెప్పాను. వాడు నా మొహంలోకి చూసి, ఒంట్లో బాగాలేదనుకున్నాడేమో, తన చాయ్ సగం నా గ్లాసులోకి వంచి, "తాగన్నా, చల్లారుతది" అన్నాడు.

ఇప్పుడు ఉత్తరాలు రాసేవాళ్లు లేరు. ఫోను తెరిస్తే గదీ గడపా అన్నీ కనిపిస్తాయి కనుక ఎవరూ నాలా గొప్పలు రాసి పంపలేరు, మా పిల్లలు దండి అన్న మాట వాడనూ వాడరు, అదీ ఒకందుకు మంచిదే. కాని రాత్రింబవళ్లు నన్ను తినేస్తున్నది ఒకటుంది. వాడికి చెవులు పోయాయి గాని చూపు పోలేదు, చదవడం వచ్చు. అబద్ధాన్ని అంత సులువుగా రాసి పంపినవాణ్ణి, నిజాన్ని ఒక కాగితం మీద రాసి వాడి చేతిలో పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.