ఇంకొంచెం ఇసక

మా ఫోటో స్టూడియో నరసన్నపేటలో ఉంది. నాన్న పెట్టిన షాపు, ఇప్పుడు నాది. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక బతికున్నవాళ్ళు నా గుమ్మం ఎక్కడం మానేశారు. పోయినవాళ్ళే పాపం నన్ను పోషిస్తున్నారు. చిరిగిన ఫోటో, చెద పట్టిన ఫోటో, పెళ్ళి గుంపులో వెనకాల సగం కనపడే తలకాయ, ఏది తెచ్చినా పెద్దది చేసి, రంగులేసి, ఫ్రేము కట్టి ఇస్తాను.

ఈ ఏఐ వచ్చాక పని సులువైంది గానీ కొత్త తలనొప్పి పట్టుకుంది. దాని చేతిలో పడ్డ మనిషి ఎవరైనా సరే, నూనె రాసి తుడిచిన వంకాయలా నిగనిగలాడిపోతాడు. జీవితమంతా ఎండలో ఊడ్పులూడ్చిన ముసలమ్మకి కూడా బుగ్గలు మెరుస్తాయి. "మాయమ్మ సచ్చిపోయినాదా, సీరియల్లో సేరినాదా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

దానికి నాకు దొరికిన మందు నాయిస్ జనరేటర్ అని, ఏఐకి తగిలించుకునే యాడ్-ఆన్. నాయిస్ అన్నారని చప్పుడనుకునేరు, అది కాదు. యాంటెన్నా పక్కకి తిరిగినప్పుడు పాత టీవీల్లో చీమలు పాకినట్టు కనపడేది చూడండి, అదీ నాయిస్ అంటే. ఏఐ బొమ్మ గీయడం మొదలెట్టేదే ఆ చీమల్లోంచి. వాటిని కొద్దికొద్దిగా సర్ది ముక్కూ మొహం తెస్తుంది. ఈ యాడ్-ఆన్ ఏ రకం చీమలు కావాలో మనల్నే ఎంచుకోమంటుంది, బొమ్మ అయ్యాక పైన మళ్ళీ కాసిని చల్లుతుంది కూడా. అందులో పింక్ నాయిస్ అని ఒకటుంది. నొక్కితే పింకేమీ రాదు. ఎవడు పెట్టాడో ఆ పేరు, వాడి మొహం మీద చల్లాలి. ఏదైతేనేం, స్లైడరు కాస్త కుడివైపు జరిపితే మెరుపు చచ్చి, పాత ఫోటోలా నమ్మబుద్ధేస్తుంది.

ఒకరోజు పొద్దున్నే కళింగపట్నం నుంచి ఒక ఆటో వచ్చి షాపు ముందు ఆగింది. అందులోంచి చేపలు పట్టుకునే కుటుంబం ఒకటి దిగింది. ముసలమ్మ, ఆవిడ కొడుకు, ఆవిడ తమ్ముడు. కొడుకు గుజరాత్ వెళ్ళి అక్కడి పడవల మీద పనిచేసి, ఊళ్ళో స్లాబు ఇల్లు వేశాడు. వచ్చేవారం గృహప్రవేశం. కొత్తింటి గోడ మీద తండ్రి ఫోటో పెట్టి, దండేసి, నుదుటన బొట్టు పెట్టి, దీపం వెలిగించాకే పాలు పొంగించాలి. అది వాళ్ళ పద్ధతి.

"ఫోటో ఇవ్వండి," అన్నాను.

"ఫోటో నేదక్కా," అన్నాడు కొడుకు. "అందుకే ఒచ్చినాం."

తండ్రి పచ్చకామెర్లొచ్చి పోయేటప్పటికి వీడు చంటివాడట. ఆయన బతుకులో ఒక్కసారి కూడా కెమెరా ముందు నిలబడలేదు. శ్రీకాకుళంలో అడిగితే, ఫోటో లేకుండా ఫోటో ఏమిటయ్యా అని నవ్వి పంపేశారట. నాకు పౌరుషం వచ్చింది. మన దగ్గర ఏఐ ఉంది కదా, కూర్చోండి, మనిషి ఎలా ఉండేవాడో చెప్పండి, అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని పొద్దు గూకేదాకా అనుకుంటూనే ఉన్నాను.

"ఏటి సెప్పాల?" అని ముందుకొచ్చాడు తమ్ముడు. "మా బావా నేనూ ఒకేలాగుండేవోళ్ళం. ఎనకాల్నించి సూసి ఈ మాయప్ప ఆడనుకోని నన్నే కేకేసీది."

"ఎనకాల్నించి సూస్తే అందరూ ఒకేలాగుంటార్రా," అంది అక్క.

చేపలు పట్టే మనిషి అని ఇంగ్లీషులో టైపు చేసి నొక్కాను. చీమలు కదిలాయి, సర్దుకున్నాయి, తెల్లగడ్డంతో, ఉన్ని టోపీతో, నోట్లో పొగగొట్టంతో ఒక దొర ప్రత్యక్షమయ్యాడు.

"ఓలమ్మో! ఈ తెల్లోడెవుడే!" అని ముసలమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఇండియా అని చేర్చాను. ఈసారి ఎడారిలో ఒంటెలు తోలుకునే ఆయన కాబోలు, కొండంత తలపాగాతో వచ్చాడు. ఆంధ్రా అన్నాను. కండలు తిరిగిన కుర్రాడు, నూనె కారే ఛాతీతో, వల భుజాన వేసుకుని నవ్వుతూ వచ్చాడు. కొడుకు కళ్ళు మెరిశాయి. "ఇది సూడమ్మా, బాగున్నాడు కదా నాన్న!"

"ఏడిసినట్టున్నాడు. మీ నాన్నకి అన్ని పళ్ళెక్కడివి?" అంది ముసలమ్మ.

అక్కణ్ణుంచి మొదలైంది పంచాయితీ. ముక్కు అచ్చం తనదేనన్నాడు తమ్ముడు. ఆయన ముక్కుని సెల్‌ఫోనుతో ఫోటో తీసి అతికించాను. కళ్ళు తనవేనని ఊళ్ళో అంతా అంటారన్నాడు కొడుకు. అవీ తీసి పెట్టాను. పన్ను ఒకటి ఎత్తుగా ఉండేదన్నాడు తమ్ముడు. మా నాన్నకి ఎత్తుపన్నేటి అని కొడుకు లేచాడు. మావా మేనల్లుడూ నా షాపులో ఒకరి మీదొకరు కేకలేసుకుంటుంటే జనం తొంగి చూస్తున్నారు. మీసం ఉండేదా అంటే ఒకరు ఉండేదన్నారు, ఒకరు లేదన్నారు. ఇక నాకు విసుగొచ్చి ఒక మీసం నేనే పెట్టేశాను. ముసలమ్మని అడుగుదామని చూస్తే ఆవిడ తెర వంక చూస్తోంది గానీ ఏమీ అనడం లేదు.

చివరికి ఒక మనిషి తయారయ్యాడు. నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాడు. తమ్ముడు ఒప్పుకున్నాడు, కొడుకు ఒప్పుకున్నాడు.

"నానొప్పుకోను," అంది ముసలమ్మ.

"ఏటమ్మా మళ్ళీ?"

"ఈడెవుడో నాకు తెలవదు. తెలవనోణ్ణి తెచ్చి గోడకెట్టి, నాను రోజూ దీపమెట్టి దండమెట్టాలా? ఊరోళ్ళేటనుకుంటారు? ముసిలిదానికి ఈ వొయిసులో కొత్త మొగుడొచ్చినాడనుకోరా?"

నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల పక్కకి తిప్పుకుంది. కొత్తింట్లో ఎవడో మగాడి ముందు నిలబడాల్సొస్తుందని ఆ మనిషి నిజంగానే భయపడుతోందని అప్పుడర్థమైంది.

"ఉండమ్మా, కాస్త నాయిస్ వేస్తాను, పాత ఫోటోలాగ అవుతుంది," అన్నాను.

"అదేటి?"

"ఇసక చల్లినట్టుంటుంది."

స్లైడరు కొంచెం కుడికి జరిపాను. మొహం మీద సన్నటి గరుకు వచ్చింది. ముసలమ్మ ముందుకు వంగింది.

"ఇంకొంచెం ఇసక పొయ్యి."

జరిపాను. మీసం చెదిరింది.

"ఇంకొంచెం."

"అమ్మా, మనిషి కనపడడు," అన్నాను.

"పొయ్యి పాపా, నీదేం పోయింది."

ముక్కు పోయింది. తమ్ముడు గుండె పట్టుకున్నాడు, తన ముక్కు కదా మరి. కళ్ళు పోయాయి. కొడుకు "ఒగ్గీవే అమ్మా, ఇంక సాలు" అని బతిమాలాడు. ముసలమ్మ ఇంకొంచెం అంటూనే ఉంది, నేను తిట్టుకుంటూ జరుపుతూనే ఉన్నాను. స్లైడరు చివరికంటా వెళ్ళి ఆగిపోయింది. తెర మీద బూడిదరంగు చీమలు తప్ప ఏమీ లేవు.

"ఆ! ఇప్పుడు బాగున్నాది. ఇదే కట్టు."

"ఏటి బాగున్నాది? ఏటీ కనపడ్డం నేదు కదా!" అని కొడుకు నెత్తి కొట్టుకున్నాడు.

"నాకు కనపడతన్నాడు. నా మొగుడా, నీ మొగుడా?"

వాళ్ళిద్దరూ వెళ్ళి బెంచీ మీద కూలబడ్డారు. నేను మాత్రం ఊరుకుంటానా? ఫ్రేము వెనక నా షాపు స్టిక్కరు ఉంటుందమ్మా, ఇది చూసినవాళ్ళు నన్నేమనుకోవాలి అని వాదించాను. స్టిక్కరు పీకీ, అంది. ఇంక ప్రింటు తీసి ఫ్రేముకి పంపాను. ఫ్రేములు కట్టేవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఏది పైన, ఏది కింద?" అనడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు? ఏదో ఒక పక్క బాణం గుర్తు వేసి ఇచ్చాను.

గృహప్రవేశానికి పిలిచారు, వెళ్ళాను. కొత్తింట్లో, ఎదురుగోడ మీద బంగారు రంగు ఫ్రేములో చీమలు, చుట్టూ బంతిపూల దండ. కోడలు కుంకుమ గిన్నెతో ముందుకొచ్చి వేలు గాల్లోనే ఆపేసింది. "బొట్టు ఎక్కడెట్టాల?"

"ఇక్కడెట్టు, ఇదే నుదురు," అన్నాడు తమ్ముడు.

"అది గెడ్డం మావా," అన్నాడు కొడుకు.

"గెడ్డమేటిరా, నానెరగనా మా బావని!"

ముహూర్తం దాటిపోతోంది, ఎక్కడో ఒకచోట పెట్టండర్రా అని పంతులుగారు గోల. మావ చెప్పినచోట ఒకటి పెట్టింది కోడలు, మొగుడు చెప్పినచోట ఇంకొకటి. ఆ తర్వాత వచ్చిన చుట్టాలు ఎవరికి నుదురనిపించినచోట వాళ్ళు పెట్టారు. ఫోటోకి అమ్మవారు పోసినట్టయింది. అయినా ఒక్కరంటే ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. "అచ్చం అలగే ఉన్నాడు" అన్నారొకరు. "ఆ కోపం సూడు, మారనేదు" అన్నారింకొకరు. ఒకావిడ ఏకంగా ఆ చూపు చూడలేనని ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయింది. వీళ్ళందరికీ పిచ్చా, లేక నా కళ్ళకే ఏమైనా అయిందా అని దగ్గరికెళ్ళి చూశాను, దూరంగా జరిగి చూశాను. ఏమీ లేదు.

భోజనాలకి అందరూ పెరట్లోకి వెళ్ళాక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఫోటో ముందుకి తీసుకొచ్చింది.

"పాపా, నీకు కనపడతన్నాడా?"

శుభమా అని పిలిస్తే వచ్చాను, కాదని ఎలా అంటాను? "ఆ, లీలగా," అన్నాను.

"అబద్దాలాడకు. నాకే కనపడ్డం నేదు."

ఆవిడ కొంగు కొస తడిపి అద్దం మీద బొట్లు ఒక్కొక్కటే తుడవడం మొదలెట్టింది.

"ఆడి మొకం నాకు గురుతు నేదే తల్లీ. ఎప్పుడు పోయినాదో పోయినాది. ఎంత తలుసుకున్నా రాదు. బిడ్డకి ఎలగ సెప్తాను, మీ నాన్నని మరిసిపోనానని? ఆ దినం మీరందరూ కలిసి ముక్కెట్టినారు, కళ్ళెట్టినారు, నువ్వు మీసమెట్టినావు. ఆణ్ణి రోజూ సూస్తే ఏటవుద్ది? నాల్రోజులకి ఆడే నా మొగుడయిపోతాడు. ఆ ఎనక ఎప్పుడో నూతికాడ నీళ్ళు తోడుకున్నప్పుడో, సేపలు ఎండేసినప్పుడో, ఆడి అసలు మొకం నాకు గబుక్కున గురుతొచ్చిందనుకో. అప్పుడు ఆ అసలు మొకాన్నే సూసి, ఇదెవుడిదని నాననుకుంటే?"